పిడి విరిగిన సూట్‌కేసు, ఒకటి

జూన్ 3

పిచ్చుకా,

నీ ఉత్తరానికి జవాబు ఆలస్యమైందని కోపం తెచ్చుకోకు. ఆవిరి ఇస్త్రీ యంత్రం మూలపడింది. హోటలువాళ్ళ కర్టెన్లు నలభై రెండూ చేత్తోనే ఇస్త్రీ చేశాం. నా కుడి భుజం ఇప్పుడు నాది కాదు.

దానికి తోడు మీ బావ ఘనకార్యం ఒకటి. ఒకాయన కోటు తెచ్చాడు, జేబు పక్కన సిగరెట్టు కాలిన మచ్చ. మీ బావ స్లిప్పులో దర్జాగా "కోటు, ఒకటి" అని రాసి తీసుకున్నాడు. ఇంకేముంది, ఆ మచ్చ మన లాండ్రీలోనే పడిందని కోటుగలాయన రగడ. "ముందు లోపం రాయాలి, తర్వాత వస్తువు" అని నాన్న మనకు అక్షరాలతో పాటు నేర్పాడు. నీకు ఆరేళ్ళకే వచ్చిన విద్య, ఈయనకు పాతికేళ్ళ కాపురంలో రాలేదు.

ఇక అసలు సంగతి విను. నా క్రెడిట్ కార్డు మీద ఎవడో గది అద్దెకు తీసుకున్నాడు!

మనుషులుండే గది కాదట. సామాను దాచుకునే గది. నెలనెలా అద్దె నా కార్డు మీద పడుతోంది, పదకొండు నెలలుగా. స్టేట్‌మెంటు ఎప్పుడూ మీ బావే చూసి కట్టేసేవాడు. మొన్న కళ్ళజోడు విరిగిందని నా చేతికిచ్చాడు కాబట్టి తెలిసింది. పెద్ద మొత్తమేం కాదనుకో. కానీ నా సంగతి నీకు తెలుసుగా. ఎవరిదో తెలియని చొక్కా ఒక్కటి అలమరలో మిగిలినా నాన్నకు అన్నం సహించేది కాదు. నేనూ ఆయన కూతుర్నే. బ్యాంకులో ఫిర్యాదు పెడతాను. తాడో పేడో తేల్చుకుంటాను.

మొన్న ఫోన్లో మరిదిగారు ఎంత బాగా మాట్లాడారో. నువ్వు పక్కనే ఉన్నావన్నారు గానీ నీ గొంతే వినపడలేదు. సగం మాటలు నీ బదులు ఆయనే చెప్పేశారు. నిన్ను ఉద్యోగానికి దింపడం, సాయంత్రం తీసుకెళ్ళడం అన్నీ ఆయనేనట. మీ బావ నన్ను వీధి చివరిదాకా తీసుకెళ్ళి ఏడేళ్ళైంది. పెట్టి పుట్టావే.

నువ్వు కోరినట్టే ఇది కూడా ల్యాబు చిరునామాకే పంపుతున్నాను. ఇంటికి పంపితే ఏమవుతుందో మాత్రం నాకర్థం కాలేదు.

నీ అక్క,
స్లిప్పులమ్మ


జూన్ 11

అక్కా,

నీ ఉత్తరం భోజనాల వేళ చదివాను. భుజానికి వేడినీళ్ళ కాపడం పెట్టుకో. ఇస్త్రీ చెయ్యడం కాదు, చేయించడం నేర్చుకోమని ఎన్నిసార్లు చెప్పాను?

ఈ వారం మా ల్యాబులో ముప్పై సెట్ల పళ్ళు పూర్తయ్యాయి. ఒక పెద్దాయన కొత్త కట్టుడు పళ్ళు తిప్పి పంపాడు. మరీ తెల్లగా ఉన్నాయట, అద్దంలో చూసుకుంటే ఎవరో పరాయివాడు నవ్వుతున్నట్టుందట. కొంచెం పసుపు రంగు కలిపి మళ్ళీ చెయ్యమన్నాడు. నా పక్క బల్ల మీద మైనం పని చేసే ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది. నాకు మాత్రం ఆయన మీద జాలేసింది.

అక్కా, ఆ అద్దె సంగతి వదిలెయ్యకూడదా? పెద్ద మొత్తం కాదని నువ్వే అన్నావు. ఎవరో ఏ అవసరంలో ఉన్నవాళ్ళో. ఫారాలూ ఫోన్లూ అంటూ తిరిగితే నీకే శ్రమ. ఇంకో నెలా రెండు నెలల్లో అదే ఆగిపోతుందేమో చూడు.

ఇంకో మాట. నా ఉత్తరాలు కౌంటరు దగ్గర కూర్చుని బావకు పైకి చదివి వినిపించకు. బావ మంచివాడే గానీ ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. ప్రతి ఆదివారం తోడల్లుళ్ళిద్దరూ ఫోన్లో గంటసేపు మాట్లాడుకుంటారు. నేను నీకు రాసిన మాట సోమవారం పొద్దున నాకే తిరిగొస్తోంది.

కారు హారను మోగింది. ఐదు పది అయిందన్నమాట. ఐదు పన్నెండుకల్లా నేను గేటు దగ్గర ఉండాలి.

నీ పిచ్చుక


జూన్ 19

పిచ్చుకా,

నీకు చిన్నప్పటినుంచీ అంతే. ఎవరైనా కాలు తొక్కితే "నా కాలే అడ్డమొచ్చింది" అంటావు. నేను వదల్లేదు. ఫిర్యాదు పెట్టేశాను!

కస్టమర్ కేరుకు మూడు రోజులు ఫోన్ చేశాను. ఒకటి నొక్కు, నాలుగు నొక్కు, వేచి ఉండు. నా చెవిలో వాళ్ళ సంగీతం ఇంకా మోగుతూనే ఉంది. చివరికి విసుగొచ్చి బ్యాంకుకే వెళ్ళాను. అక్కడొక అమ్మాయి ఫారం ఇచ్చింది. "ఈ ఖర్చు నేను గానీ నా కుటుంబ సభ్యులు గానీ చేయలేదు, కార్డు ఎవరి చేతికీ ఇవ్వలేదు" అని సంతకం పెట్టాలట. చెల్లెలు కూడా కుటుంబంలోకే వస్తుందా అని సరదాకి అడిగాను. ఆ అమ్మాయి నవ్వలేదు. పెట్టేశాను సంతకం.

కార్డు ఆపేశారు. ఆ గదికి కంపెనీవాళ్ళు తమ తాళం కూడా ఒకటి వేస్తారట. నెలలోపు లెక్క తేలకపోతే సామాను బయట పెట్టేస్తారట. పెట్టనీ. ఎవడి సామానో వాడే ఏడుస్తూ వస్తాడు.

ఇప్పుడు గుండె రాయి చేసుకుని చదువు. ఆ కంపెనీ ఎక్కడుందో తెలుసా? మీ ఊళ్ళోనే! మీ ల్యాబుకు రెండు వీధుల అవతల. పోయిన ఏడాది ఇస్త్రీ యంత్రం బేరానికని మీ బావ మీ ఊరొచ్చి రెండు రోజులున్నాడు, గుర్తుందా? యంత్రం కొనలేదు. మరి చేసిందేమిటి? పదకొండు నెలలు ఆ ఖర్చు చూస్తూ నోరెత్తకుండా కట్టింది ఎందుకు? నిన్న అడిగితే "నేను అంత వివరంగా చూడనే" అని అడక్కుండానే మూడుసార్లు చెప్పాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు!

నువ్వు ఒకసారి వెళ్ళి ఆ గది ఎవరిదో కనుక్కో. మధ్యాహ్నం నడిచి వెళ్ళొచ్చు. నా కాపురం నీ చేతిలో ఉంది.

అక్క


జూన్ 27

అక్కా,

బావ అలాంటివాడు కాదు. ఆ గదికీ బావకూ సంబంధం లేదు. ఎలా తెలుసు అని అడక్కు. తెలుసు. నా మీద ఒట్టు, ఆయన్ని మాట అనకు.

ఆ ఫిర్యాదు వెనక్కి తీసుకో. ఎప్పుడైనా నిన్ను ఏదైనా అడిగానా? ఇది అడుగుతున్నాను. ఇంకొక్క నెల ఆగితే చాలు, తర్వాత నీ ఇష్టం వచ్చినట్టు చేసుకో.

వివరంగా రాయలేను. నేను రాసేది ఎవరూ చూడరు, కానీ నువ్వు జవాబులో ఏం రాస్తావోనని భయం. ఈ మధ్య మంగళ, గురువారాలు ఆయన నాలుగున్నరకే వచ్చి మా రిసెప్షన్లో కూర్చుంటున్నారు. టపా పెట్టే బల్ల అక్కడే ఉంది. అందరినీ పలకరిస్తారు, అందరికీ టీ తెప్పిస్తారు. మా యజమానికి ఆయనంటే ఎంతో గౌరవం. "మీ ఆయనలాంటి మనిషి ఉండడమ్మా" అంటాడు. నేను తల ఊపుతాను.

నా ఫోను ఆయన దగ్గరే ఉంటుంది, కిందపడితే పగులుతుందని. జీతం ఆయన ఖాతాలోకే వెళ్తుంది, నేను దుబారా మనిషినని. ఇంటి తాళం చెవి ఒక్కటే ఉంది, రెండోది పోయింది. ఇవన్నీ మామూలే, ప్రతి ఇంట్లోనూ ఉండేవే. నీకు ఎందుకు రాస్తున్నానో కూడా తెలియదు.

ఆ ఫిర్యాదు మాత్రం వెనక్కి తీసుకో అక్కా.

నీ పిచ్చుక


జూలై 4

చెల్లెమ్మకు,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. "ఎలా తెలుసు అని అడక్కు" అంటే అడక్కుండా ఎలా ఉంటానే? నువ్వు నా వైపా, మీ బావ వైపా? ఆయన ఏం చేశాడో నీకు తెలుసు. నా దగ్గర దాస్తున్నావు. నా బాధ తగ్గించాలని దాస్తున్నావేమో గానీ, నాకు ఒళ్ళు మండుతోంది. పైగా మొగుడు కారులో తీసుకెళ్తాడు, జీతం చూసుకుంటాడు, టీలు తెప్పిస్తాడు అని నాతో కష్టాలు చెప్పుకుంటున్నావు. అలాంటి కష్టాలు నాకూ రెండు పంపు.

నీతో పని కాదని నేనే ఒక దారి చూసుకున్నాను. నిన్న మరిదిగారికి ఫోన్ చేసి అంతా చెప్పాను. బావ సంగతి కాదులే, గది సంగతి. ఎంత ఓపిగ్గా విన్నారో! "మీరు దిగులు పడకండి వదినగారూ, వచ్చే శనివారం నేనే స్వయంగా వెళ్ళి ఆ గది తెరిపించి చూస్తాను" అన్నారు. పరాయి ఇంటి బిడ్డ చేసిన సాయం సొంత చెల్లెలు చెయ్యలేకపోయింది.

ఇంతకంటే రాయాలని లేదు.

అక్క


జూలై 8
(కొరియరు)

అక్కా,

శనివారం ఆయన్ని అక్కడికి వెళ్ళనివ్వకు. ఏం చెప్తావో నాకు తెలియదు. ఆపు.

ఒకటో తారీఖు నుంచి నన్ను ఉద్యోగం మానమన్నారు. రాజీనామా ఆయనే రాసి పెట్టారు, నా సంతకం ఒక్కటే తక్కువ. ఆ తర్వాత నేను గేటు దాటే పని ఉండదు.

ఇకమీదట నా పేరున రాయకు. మా మైనం ఆవిడ ఇంటి చిరునామా వెనక రాశాను. అక్కడికి పంపు.

నీ మీద నాకు కోపం లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మధ్యలో నిలబడ్డ మనిషికి కోపం తెచ్చుకునే తీరిక కూడా ఉండదు.


జూలై 10

తల్లీ,

నీ కొరియరు ఇవాళ మధ్యాహ్నం వచ్చింది. అప్పటికే నాకు అంతా తెలిసింది.

నిన్న సాయంత్రం బ్యాంకు నుంచి కవరు వచ్చింది. నేను నిజంగానే గది తీసుకున్నానని రుజువు చేస్తూ కంపెనీవాళ్ళు పంపిన కాగితాలు. నా పేరు, కింద నా సంతకం. నేను పెట్టింది కాదు. ఉత్త మోసం అనుకుంటూ పేజీ తిప్పాను. గదిలో పెట్టిన సామాను జాబితా, చేత్తో రాసింది.

"పిడి విరిగిన సూట్‌కేసు, ఒకటి. మోచేతి దగ్గర చిల్లు పడ్డ స్వెటరు, ఒకటి. టీ ఒలికిన సర్టిఫికెట్ల ఫైలు, ఒకటి. కాలు పొట్టి స్టూలు, ఒకటి."

ఈ లోకంలో ముందు లోపం రాసి తర్వాత వస్తువు రాసేవాళ్ళు ముగ్గురే ముగ్గురు. ఒకరు పోయారు. ఒకదాన్ని నేను.

పోయిన ఏడాది నువ్వు వచ్చిన మూడు రోజుల్లో, యంత్రానికి బెల్టు తెప్పించమని కార్డూ ఫోనూ నీ చేతిలో పెట్టి నేను ఉతికే గదిలోకి పోయాను. అప్పుడే కదూ? కార్డు ఎవరి చేతికీ ఇవ్వలేదని సంతకం పెట్టినప్పుడు నాకు గుర్తే రాలేదు. నీ చెయ్యి నాకు ఇంకో చెయ్యి అనిపించనే లేదే.

అన్నీ లోపమున్న వస్తువులే ఎందుకు దాచావో కూడా అర్థమైంది. మంచివి కనపడకపోతే ఆయన అడుగుతాడు. చిల్లు స్వెటరు పోతే ఎవరడుగుతారు? భోజనం సంచిలో ఒక్కొక్కటీ మోసుకెళ్ళి ఉంటావు.

ఆ కాగితం చేతిలో ఉండగానే ఫోను మోగింది. మీ ఆయన. "వదినగారూ, మీ పేరున మా ఇంటి చిరునామాకు నోటీసొచ్చింది. గది మీరే తీసుకున్నట్టుందే?" అన్నాడు. ఎప్పటిలాగే మెత్తగా. కంపెనీవాళ్ళు ఊళ్ళో చిరునామాకు రుజువు అడిగితే, నీ దగ్గర ఇంటిదే ఉండి ఉంటుంది. వెనకాల గిన్నెలు తోముతున్న చప్పుడు వినపడుతోంది. ఆ మాటతో ఆ చప్పుడు ఆగిపోయింది. స్పీకర్లో ఉందని, నువ్వు అక్కడే నిలబడ్డావని తెలిసింది.

"అవును మరిదిగారూ, నాదే. తీసుకుని మర్చిపోయాను. మీ చిరునామా ఇచ్చిందీ నేనే. నా మతిమరుపు మండిపోను, నా మీద నేనే ఫిర్యాదు పెట్టుకున్నాను" అన్నాను.

ముప్పై ఏళ్ళలో ఒక్క రుమాలు పోగొట్టని దాన్ని పిచ్చుకా. గది అద్దెకు తీసుకుని మర్చిపోయానన్నాను.

ఏం దాచారు అన్నాడు. మా ఆయనకు తెలియకుండా నా సామాను అన్నాను. అయితే తాళం చెవి పంపండి, శనివారం నేనే ఖాళీ చేయిస్తానన్నాడు. నా లోబట్టలు కూడా ఉన్నాయి, పరాయి మగాడు ముట్టుకుంటే ఊరుకోనన్నాను. పెద్దమనిషి కదా, నొచ్చుకుని ఫోను పెట్టేశాడు. శనివారం వెళ్ళడు. పరువుకు భయపడే మనిషి, వెళ్ళలేడు.

ఇటు మీ బావ కౌంటరు అవతల నిలబడి అంతా విన్నాడు. "నా దగ్గర దాచాల్సినంత సామానేంటే?" అన్నాడు. నేను చెప్పలేదు. నిన్నటినుంచి నాతో మాట్లాడటం లేదు. ఇన్ని రోజులు ఆయన్ని దొంగను చేశాను, ఇప్పుడు నేను దొంగనయ్యాను. సరిపోయింది. నువ్వు మా గుమ్మంలోకి వచ్చాక నిజం చెప్తాను. చెబితే నీ తరఫున ముందు కర్ర పట్టుకునేది ఆయనే. కానీ ఆదివారం ఫోను ముందుంది, నువ్వుగింజ సంగతి నీకు తెలుసు.

ఇవాళ పొద్దున్నే బ్యాంకుకు వెళ్ళి ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాను. "ఈ ఖర్చు నాదే" అని రాసిచ్చాను. ఆ నవ్వని అమ్మాయి ఈసారి నవ్వింది. రేపటికి కంపెనీవాళ్ళు వాళ్ళ తాళం తీసేస్తారు.

పెట్టి పుట్టావు అని రాశాను నీకు. అలాంటి కష్టాలు రెండు పంపమన్నాను. ఆ మాట రాసిన చేతిని ఇస్త్రీపెట్టె కింద పెట్టుకోవాలనిపించింది. ఆరేళ్ళుగా ఫోన్లో నీ గొంతు వినపడకపోతే, ఎందుకని ఒక్కసారి అడిగానా? నీ సంసారం తీసుకునేటప్పుడు లోపం చూడలేదు, రాయలేదు. నాన్న కూతుర్నని మాత్రం చెప్పుకుంటాను.

మేడ మీద బట్టలారేసే గది ఖాళీ చేశాను. నాలుగు కిటికీలు. లోపల్నుంచి వేసుకునే తాళం కొత్తది బిగించాను, దాని చెవి నీకే. ఎప్పుడు, ఎలా అన్నది నువ్వే చూసుకో. నేను తొందరపెడితే ఏమవుతుందో చూశాంగా.

అక్క


జూలై 18, శుక్రవారం
(సూట్‌కేసు పిడికి కట్టిన చీటీ)

స్లిప్పులమ్మకు,

ఇవాళ్టి వరకూ రోజూ నలభై నిమిషాల భోజన విరామంలో పావుగంట ఆ గదిలో స్టూలు మీద కూర్చునేదాన్ని. దానికి కిటికీ లేదు. అయినా రోజంతటిలో నాకు గాలి ఆడేది అక్కడే. నువ్వు ఫిర్యాదు పెట్టాక మూడు వారాలు రెండో తాళం ముందు నిలబడి వెనక్కి వచ్చాను. ఇదెప్పుడో చెప్పి ఉంటే నీ కాళ్ళూ నా కాళ్ళూ ఇంత అరిగేవి కాదు. చెప్పడానికి సిగ్గేసింది అక్కా, భయం కంటే ఎక్కువగా సిగ్గే.

రాజీనామా మీద సంతకం పెట్టి మా యజమానికి నేనే ఇచ్చాను, ఒకటో తారీఖుకు కాదు, ఇవాళ్టికి. సాయంత్రం ఐదు పదికి గేటు దగ్గర హారను మోగుతుంది. ఐదు పన్నెండు అవుతుంది. మైనం ఆవిడ బయటికి వెళ్ళి, మధ్యాహ్నమే వెళ్ళిపోయిందని చెప్తుంది.

సామాను లారీ ఆఫీసు ద్వారా పంపుతున్నాను. సరిచూసుకో.

పిడి విరిగిన సూట్‌కేసు, ఒకటి.

మోచేతి దగ్గర చిల్లు పడ్డ స్వెటరు, ఒకటి.

టీ ఒలికిన సర్టిఫికెట్ల ఫైలు, ఒకటి.

కాలు పొట్టి స్టూలు, ఒకటి.

మూత అంటని కవరు, ఒకటి. ఇది నీది. మధ్యాహ్నం టీకనీ అరటిపళ్ళకనీ ఇంట్లో లెక్క చెప్పి, కొనకుండా మిగిల్చింది. పదకొండు నెలల అద్దెలో ఏడు నెలలదే ఉంది. మిగతాది బాకీ.

ఇది కాక, సామానుతో పాటు లారీలో రానిది మరొకటుంది. మధ్యాహ్నం రైలుకు వస్తోంది.

గొంతు సరిగా పెగలని, తలుపు చప్పుడైతే ఉలిక్కిపడే చెల్లెలు, ఒకతె.

లోపాలన్నీ ముందే రాశాను. చూసుకుని సంతకం పెట్టు. తర్వాత తిప్పి పంపడానికి వీల్లేదు.